చెరువు గట్టున నేర్చిన పాఠము



నీటిమీద అలను చూడనివారు మనలో ఎవరును లేరు. తెల్లవారుజామున బావిలో చేద వేసినప్పుడు, చెరువులో గేదె దిగినప్పుడు, కాలువమీద బాతులు ఈదినప్పుడు, వేడి గంజిని నోటితో ఊదినప్పుడు సయితము అలలు లేచుచునే యున్నవి. అయితే చూచుట వేరు, గమనించుట వేరు. నేను ఏబది యేండ్లు అలలను చూచితిని గాని ఒక్కనాడైనను వాటిని గమనింపలేదు. ఆ సంగతి నాకు తెలియజేసినవాడు తొమ్మిదేండ్ల పిల్లవాడు. ఇది నాకు సిగ్గు కలిగించు కథయే. అయినను దాచుకొనుటకంటె చెప్పుటయే మేలని తోచి వ్రాయుచున్నాను.

మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో మా సంఘపు పిల్లలకు పది దినములు బైబిలు పాఠములు చెప్పితిని. ఒక ఉదయము గలిలయ సముద్రముమీద తుపాను లేచిన కథ వచ్చినది. పేరునకు సముద్రమే గాని అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. చుట్టును కొండలు, ఆ కొండలమీదినుండి గాలి హఠాత్తుగా దిగి నీటిని అల్లకల్లోలము చేయును. ఇంతవరకు నేను చెప్పినది సరియే. పిల్లలకు ఆసక్తి కలుగవలెనని తరువాత కొంత నా సొంతము చేర్చితిని.

"అల అంటే నీళ్లు నడవడమే. వెనకాల నీళ్లు ముందు నీళ్లను తోస్తాయి. అందుకే అలమీద పడ్డది ఏదైనా ఒడ్డుకు వచ్చి తీరుతుంది. మీ బంతి చెరువులో పడిందనుకోండి, దానికి అవతలగా రాయి వేయండి. అలే దాన్ని తెచ్చి మీ చేతికిస్తుంది" అంటిని.

ఈ మాట నేను ఏ పుస్తకములోను చదువలేదు. ఏ గురువును నాకు చెప్పలేదు. నోటికి వచ్చినది, చెప్పితిని. వేదాంత పాఠశాలలో చదివినవాడను. ప్రసంగమునకు ఉపమానము ఎట్లు వెదకవలెనో అక్కడ నేర్చుకొంటిని గాని, వెదకి తెచ్చిన ఉపమానము నిజమో కాదో పోయి చూడవలెనను బుద్ధి నాకు కలుగలేదు.

ఆ సాయంకాలమే పిల్లలు చెరువు గట్టున ఆడుకొనుచుండగా బంతి నీటిలో పడినది. తక్కినవారు కాసేపు చూచి ఇండ్లకు పోయిరి. బంతి ఎవరిదో ఆ పిల్లవాడు మాత్రము నిలిచి, నేను చెప్పినట్లే దానికి అవతలగా రాళ్లు వేయసాగెను. అలలు బాగుగానే లేచినవి. గట్టువరకు వచ్చి వాని పాదములకు తగిలినవి. బంతి మాత్రము ఉన్నచోటనే లేచుచు దిగుచు నుండెను. పైగా మెల్లమెల్లగా లోపలికే జరుగుచుండెను. ఇంకను దగ్గరగా పోయి పెద్ద రాయి వేసినయెడల వచ్చునని వాడు నీటిలో దిగెను. మోకాటిలోతు, తరువాత నడుములోతు, ఆ తరువాత ఎండాకాలములో మట్టి తవ్విన గుంట. అక్కడ కాలు జారినది. ప్రక్కరేవులో గేదెలను కడుగుచున్న ఒక పెద్దాయన చూచి, ఉరికి, వాని జుట్టు పట్టుకొని పైకి లాగెను. ఆ పెద్దాయన ఆ వేళకు గేదెలను తోలుకొని వెళ్లిపోయి యుండినయెడల ఈ కథ మరొక విధముగా ముగిసియుండును.

వార్త వినగానే నేను వారి ఇంటికి పరుగెత్తితిని. పిల్లవాడు దుప్పటి కప్పుకొని మంచముమీద కూర్చుండెను. నన్ను చూచి వాడు భయపడలేదు, ఏడ్వలేదు. ఒక్కటే అడిగెను.

"అయ్యగారూ, మీరు చెప్పినట్టే చేశానండీ. బంతికి అవతలే వేశాను. చాలాసార్లు వేశాను. అల వచ్చింది గానీ బంతి రాలేదండీ. ఎందుకండీ?"

వాడు నన్ను నిందింపలేదు. నిజముగా తెలిసికొనగోరి అడిగెను. నాకు నోట మాట రాలేదు. వాని తండ్రి నా అవస్థ చూచి, "పోనీలెండి అయ్యగారూ, పిల్లాడు దక్కాడు, అంతే చాలు" అనెను. ఆ మంచిమాట నన్ను తిట్టుకంటె ఎక్కువగా బాధించినది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు తెల్లవారకముందే ఒక కొబ్బరి చిప్ప చేతపట్టుకొని చెరువునకు పోయితిని. గాలి లేదు. నీరు అద్దమువలె నుండెను. చిప్పను నీటిమీద విడిచి, కఱ్ఱతో కొంత దూరము నెట్టి, అది నిలుకడగా నిలిచిన తరువాత దానికి అవతలగా ఒక రాయి వేసితిని. రాయి పడినచోట ఉంగరము పుట్టెను. ఉంగరము చుట్టును మరొక ఉంగరము, దాని చుట్టును మరొకటి. అవి వెడల్పగుచు వచ్చి చిప్పను తాకినవి. చిప్ప పైకి లేచి, ఇసుమంత ముందునకు వచ్చి, దిగి, మరల ఇసుమంత వెనుకకు పోయినది. ఉంగరములు దాని క్రిందుగా సాగిపోయి గట్టును చేరినవి. ఎదురుగా నున్న తాటిచెట్టును గురుతు పెట్టుకొని చూచితిని. ఇరువది రాళ్లు వేసినను చిప్ప జానెడైనను జరుగలేదు. పిల్లవాడు చెప్పినదే నిజము. నేను చెప్పినది అబద్ధము.

అట్లయిన గట్టువరకు వచ్చినది ఏమి? ఈ ప్రశ్నతో ఇంటికి వచ్చి బావి చేంతాడు తీసి, ఒక కొనను పందిరి గుంజకు కట్టి, రెండవ కొనను చేతపట్టి ఒక్కసారి విదిలించితిని. తాటిమీద ఒక వంపు లేచి గుంజవరకు పరుగెత్తినది. తాడు మాత్రము నా చేతిలోనే యున్నది. పరుగెత్తినది తాడు కాదు, నా చేతి ఊపు. తరువాత వరిచేలు ఎదిగిన కాలములో చూచితిని. గాలి వీచినప్పుడు ఈ గట్టునుండి ఆ గట్టువరకు పచ్చని అల సాగిపోవును గాని, ఒక్క దుబ్బయినను తన వరుస విడిచిపోదు. ఊరి ఈ చివర పుట్టిన వార్త కూడ ఇట్లే గదా! అరుగునుండి అరుగునకు పోయి ఆ చివరకు చేరును. వార్త నడచినది గాని చెప్పినవారెవరును తమ అరుగు దిగలేదు. నీటి అలయు అట్టిదే. రాయి ఇచ్చిన దెబ్బను ఒక నీరు ప్రక్క నీటికి అందించును. అందించినది తన చోటనే నిలుచును.

పట్టణపు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించు స్నేహితుడొకడు నాకు కలడు. నేను చూచినది అతనితో చెప్పగా సంతోషించి, మిగిలిన భాగమును వివరించెను. అల సాగిపోవుచుండగా నీటిలోని ప్రతి బొట్టును చిన్న చక్రముగా తిరుగునట. అల శిఖరమున ఉన్నప్పుడు ముందునకు, పల్లమున ఉన్నప్పుడు వెనుకకు పోయి, దాదాపుగా తన చోటికే వచ్చును. ముందునకు జరుగునది మిక్కిలి స్వల్పము. పైని ఈ చక్రము పెద్దది. లోతునకు పోయినకొలది చిన్నదగును. ఒక శిఖరమునకును తరువాతి శిఖరమునకును మధ్య దూరము పది అడుగులైనయెడల, ఐదు అడుగుల లోతున నీరు దాదాపు కదలకయే యుండును. పైన ఎంత గాలి కొట్టినను లోపలి చేప నెమ్మదిగా ఈదుచుండుటకు ఇదే కారణము.

"మరి బంతి లోపలికి ఎందుకు పోయినట్టు?" అని అడిగితిని.

"అల తీసికెళ్లలేదండి, గాలి తీసికెళ్లింది" అనెను.

నిజమే. బంతిలో సగము నీటిపైన నుండును. ఆ సగమును గాలి తోయును. ఆ సాయంకాలపు గాలి గట్టునుండి లోపలికి వీచినది. ఆ బంతి రెండు దినముల తరువాత ఆవలి గట్టున తూటికాడలలో చిక్కుకొని దొరికినది. పిల్లవానితో నేను చెప్పవలసినది ఇంతే: "నీళ్లలో దిగకు. గాలి ఎటు వీస్తోందో చూచి ఆ గట్టుకు పోయి కనిపెట్టు." ఈ ఒక్కమాట చెప్పుటకు గొప్ప చదువు అక్కరలేదు. చెరువువైపు ఒకసారి కన్నులు తెరచి చూచిన చాలును.

చెరువుమీద అలలు పుట్టుటకు కూడ ఎక్కువగా గాలియే కారణము. మొదట సన్నని ముడుతలు లేచును. ఆ ముడుతలే గాలికి పట్టు దొరకు చోటు. పట్టు దొరకిన తరువాత అల పెరుగును. మా రేవులో స్త్రీలు జిడ్డు గిన్నెలు తోమినప్పుడు అంతమేర నీరు నున్నగా నుండుట అనేకమారులు చూచితిని గాని, ఎందుకో ఆలోచింపలేదు. అమెరికా దేశస్థుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆలోచించెను. 1757లో ఓడప్రయాణములో రెండు ఓడల వెనుక మాత్రము నీరు నున్నగా నుండుట ఆయన చూచెను. వంటవారు జిడ్డునీరు పారబోసియుందురని ఓడ నాయకుడు చెప్పెను. ఫ్రాంక్లిన్ ఆ సంగతి మరువక, తరువాత ఇంగ్లండులో ఒక చెరువునకు పోయి చెంచాడు నూనె పోయగా సుమారు అర యెకరము మేర అలలు అణగినవట. నూనె పలుచని పొరగా పరచుకొని సన్నని ముడుతలను అణచును. ముడుతలు లేనిచోట గాలికి పట్టు చిక్కదు. దీనిని ఆయన 1774లో ప్రకటించెను. జిడ్డునీటిని ఆయనయు చూచెను, నేనును చూచితిని. ఆయన పోయి పరీక్షించెను.

ఇక సముద్రతీరము సంగతి వేరు. లోపల అల క్రింద నీరు చక్రముగా తిరుగుచుండగా, ఒడ్డు సమీపించినకొలది అడుగున నేల అడ్డగించును. అల నడక తగ్గును, ఎత్తు పెరుగును. తన ఎత్తునకు కొంచెము మించిన లోతు మాత్రమే మిగిలినప్పుడు అల తలక్రిందులై విరుగును. అప్పుడు నీరే నిజముగా ఒడ్డునకు పరుగెత్తి, మరల బలముగా వెనుకకు లాగును. కెరటము దాటు వరకే కష్టమనియు, దాటిన తరువాత పడవ ఊయలవలె లేచి దిగుననియు జాలరులు చెప్పుదురు. వారు పుస్తకము చదువకయే ఈ భేదము ఎరుగుదురు.

ఈ భేదము ఎరుగనందున మా ఇంటిలో ఒక ప్రాణము పోయినది. ఇప్పుడు దానిని చెప్పుచున్నాను.

నేను పుట్టినది కృష్ణాజిల్లా దివిసీమలో. 1977 నవంబరు 19, శనివారము. నాకు అప్పుడు ఏడేండ్లు. ఉదయమునుండియు గాలి. మధ్యాహ్నమునకు గాలి అరుపు తప్ప మరేమియు వినబడలేదు. మా తండ్రి మమ్మును ఇటుకల బడి డాబామీదికి ఎక్కించెను. మా నాయనమ్మ కూడ వచ్చినదే గాని, పాకలో కట్టివేసిన పెయ్యదూడ జ్ఞాపకమునకు వచ్చి మెట్లు దిగినది. నాయన వద్దని కేకవేసెను. "ఎన్ని అలలు చూళ్లేదురా! వచ్చినట్టే పోతుందిలే" అని ఆమె అనిన మాట నా చెవులతో వింటిని. ఆమె సముద్రము ప్రక్కనే ముసలిదైనది. ఆమె చూచిన అలలన్నియు వచ్చి, వెనుకకు పోయినవే. ఆ సాయంకాలము వచ్చినది వెనుకకు పోలేదు. మనిషి నిలువు మూడింతల నీరు కొన్ని చోట్ల ఊళ్లమీదుగా పారినది. లెక్కకు వచ్చినవారే సుమారు 10,000 మంది చనిపోయిరి. నాయనమ్మ మాకు దొరకలేదు.

కొన్ని దినముల తరువాత మా ఊరి జాలరి తాతయొకడు బడి మెట్లమీద కూర్చుండి మా నాయనతో, "అది అల కాదు నాయనా. అలయితే వచ్చి పోయేదే. సముద్రమే లేచి వచ్చింది" అనెను. ఆ మాట నాలుగు పదుల యేండ్లకు పైగా నా మనస్సులో నుండెను గాని, చెరువు గట్టున కొబ్బరి చిప్పను చూచువరకు నాకు అర్థము కాలేదు. అలలో ఊపు వచ్చును, నీరు నిలుచును. ఉప్పెనలో నీరే వచ్చును. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి గంటలకొలది సముద్రమును నేలవైపు తోయును. మన తీరమున సముద్రము లోతు తక్కువ. తోయబడిన నీటికి క్రిందికి పోవుటకు చోటులేదు. అది పైకి లేచి ఊళ్లమీదికి వచ్చును. గాలి తోయుచున్నంతసేపు తిరిగి పోదు. రెండింటిని "అల" అను ఒక్క పేరుతో పిలిచినందున మా నాయనమ్మ మోసపోయినది.

మరొకటి కలదు. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము. ఉదయము ఆరున్నరకు సుమత్రా దీవి వద్ద సముద్రపు అడుగున భూమి కదలినది. అప్పుడు లేచిన సునామీలో అడుగునుండి పైవరకు నీరంతయు కదలెను. నాలుగు కిలోమీటర్ల లోతు ఉన్నచోట అట్టి అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగముతో పోవును. నడిసముద్రములో దాని ఎత్తు మీటరుకంటె తక్కువ. పడవలోనివారికి తెలియనే తెలియదు. ఒడ్డు చేరునప్పుడు వేగము తగ్గి ఎత్తు పెరుగును. నేను ఆరాధనకు ఆయత్తమగుచున్న వేళకే అది మన తీరమును చేరినది. అప్పటి మన రాష్ట్రములో నూరుమందికి పైగా చనిపోయిరి. ఆనాడు హిందూమహాసముద్రమునకు సునామీ హెచ్చరిక ఏర్పాటు లేదు.

ఆ ఉదయమే థాయిలాండు తీరమున టిల్లీ స్మిత్ అను పదేండ్ల ఇంగ్లీషు బాలిక తలిదండ్రులతో నుండెను. నీరు నురుగు కట్టి వింతగా పొంగుట ఆమె చూచెను. రెండు వారముల క్రితమే బడిలో భూగోళ పాఠములో ఆమె సునామీనిగూర్చి విని యుండెను. వెంటనే తలిదండ్రులను హెచ్చరించెను. తీరమున ఉన్నవారందరిని అవతలికి పంపివేసిరి, అనేకులు బ్రదికిరి. ఈ సంగతి చదివినప్పుడెల్ల నా కన్నులయెదుట ఇద్దరు పిల్లలు నిలుచుందురు. ఒకరికి గురువు సరిగా చెప్పెను. మరియొకరికి నేను చెప్పితిని. ఇద్దరును తమకు చెప్పినదానిని నమ్మిరి.

సరియైన మాట వేళకు చేరినయెడల ఎంత మేలు కలుగునో మన తీరమే చూచినది. 1990 మే నెలలో అట్టి బలమైన తుపానే మరల మన కోస్తాకు వచ్చినప్పుడు, ముందుగా హెచ్చరించి లక్షన్నరమందికి పైగా జనులను తరలించిరి. మృతులు వెయ్యికి లోపే. అదియు తక్కువ దుఃఖము కాదు. అయినను 1977తో పోల్చి చూడుడి. 2007 నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. సముద్రము కనబడని ఊరిలో కూర్చుండి రాత్రింబగళ్లు సముద్రమును కనిపెట్టువారు మనకు కలరు. వారి మాట వచ్చినప్పుడు, "ఎన్ని అలలు చూడలేదు" అని అనకుడి.

తీరగ్రామములలోని తలిదండ్రులారా, మీ పిల్లలకు ఈ మూడు మాటలు చెప్పుడి. నీటిలో పడిన వస్తువుకొరకు దిగకూడదు. సముద్రము ఉన్నట్టుండి వెనుకకు పోయినను, వింతగా పొంగినను, గట్టిగా భూమి కంపించినను, చేపలకొరకైనను చూచుటకైనను నిలువక మెరకకు పరుగెత్తవలెను. మొదటి అల పోయినదని తిరిగి రాకూడదు, వెనుక మరికొన్ని వచ్చును. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు దూడను ముందే విప్పి విడువవలెను. తరువాత దానికొరకు దిగకూడదు.

ఆ తరువాతి ఆదివారము సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొంటిని. మధ్యాహ్నము పిల్లలనందరిని చెరువు గట్టునకు తీసికొనిపోతిని. కొబ్బరి చిప్పను నీటిమీద ఉంచి, రాయి వేయు పనిని ఆ పిల్లవానికే అప్పగించితిని. వాడు వేసెను. అందరును చూచిరి. అంతా అయిన తరువాత వాడు మరల అడిగెను.

"అయ్యగారూ, గట్టుకు తగిలాక అల ఎక్కడికి పోతుందండీ?"

జవాబు నా నాలుకమీదికి వచ్చినది. దానిని మ్రింగి, "నాకు తెలియదురా అబ్బాయీ. రా, చూద్దాం" అంటిని. ఇద్దరము రేవు మెట్లయొద్ద కూర్చుండి రాయి వేసితిమి. రాతి మెట్లకు తగిలిన అల తిరిగి లోపలికి పోయెను. ప్రక్కనున్న వాలు బురదగట్టునకు తగిలినది మాత్రము సన్నగిల్లి, అక్కడనే ఇంకిపోయెను. వాడు రెండింటిని చాలసేపు చూచెను. నేనును చూచితిని.